తొలి ఉద్యోగం: మన పిల్లలకు నాలుగు మాటలు

(సంఘం వార్షిక సభలో, డిగ్రీలు పూర్తి చేసిన విద్యార్థుల సన్మాన సందర్భంగా విద్యా ఉపసంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



శాలువాలు కప్పడం అయింది, ఫోటోలు తీయడం అయింది. ఇక రేపు ఉదయం లేచిన తర్వాత ఏమి చేయాలి? ఆ ఒక్క ప్రశ్న గురించే మేము మాట్లాడదలచుకున్నాము. పెద్ద పెద్ద మాటలు మావద్ద లేవు. మా ఉపసంఘంలో వున్నది బ్యాంకులో చేసి రిటైరైన వారొకరు, కరెంటు ఆఫీసులో చేసిన వారొకరు, బడిపంతులు ఒకరు. ప్రతి ఆదివారం సంఘం ఆఫీసులో కూర్చుని, వచ్చిన పిల్లల కాగితాలు చూసి తోచింది చెబుతూ వున్నాము. ఇన్నేళ్ళలో మేము చెప్పినదానికన్నా నేర్చుకున్నదే ఎక్కువ. అదే యీ పూట మీ ముందు పెడుతున్నాము.

మన ఇళ్ళలో చాలావరకు డిగ్రీ చదివిన మొదటి మనిషి మీరే. మీ నాయన వెల్డింగ్ షాపులోనో, టైలరింగ్ మిషను మీదనో, మెకానిక్ షెడ్డులోనో, గాజుల కొట్టులోనో నాలుగు డబ్బులు కూడబెట్టి మిమ్మల్ని చదివించారు. ఆయనకు పని తెలుసు, పనిలో నిజాయితీ తెలుసు. కానీ నియామక పత్రంలో ఏముంటుందో, ప్రావిడెంట్ ఫండు అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగస్తుల కుటుంబాల్లో పిల్లవాడికి యివన్నీ అన్నం తింటూ వుండగానే చెవిన పడతాయి. మామ ఒక ఆఫీసులో, బాబాయి ఒక ఆఫీసులో వుంటారు. మన పిల్లలకు తెలివి తక్కువై కాదు, చెప్పే మనిషి లేక వెనుకబడుతున్నారు. ఆ లోటు కొంతైనా తీర్చడం సంఘం పని అని మా నమ్మకం.

మేము చేసిన తప్పు

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక అబ్బాయి బి.యస్సీ. ఫస్టు క్లాసులో పాసై మా దగ్గరకు వచ్చాడు. ఒక మందుల కంపెనీలో చిన్న ఉద్యోగం వచ్చింది, చేరమంటారా అని అడిగాడు. మేము ముగ్గురం ఒకే నోటితో, "ఇంత బాగా చదివావు, ఆ చిన్న ఉద్యోగం ఎందుకు? గవర్నమెంటు పరీక్షలకు కూర్చో, తప్పకుండా వస్తుంది" అన్నాము. మా మాట మీద గౌరవంతో కూర్చున్నాడు. ఒక ఏడాది కాదు, నాలుగేళ్ళు. ఒకసారి నోటిఫికేషను రాలేదు, ఒకసారి పరీక్ష వాయిదా పడింది, ఒకసారి కొద్ది మార్కుల్లో పోయింది. ఇంట్లో చెల్లెలి పెళ్ళి అప్పు పెరిగింది. నాయనకు చూపు తగ్గి మిషను ఎక్కలేకపోయారు. చివరకు ప్రైవేటు ఇంటర్వ్యూలకు పోతే, "ఈ నాలుగేళ్ళు ఏం చేశావు?" అన్న ప్రశ్నకు జవాబు లేక తల దించుకున్నాడు.

ఇప్పుడు అతడు ఉద్యోగంలోనే వున్నాడు. తనకన్నా నాలుగేళ్ళు చిన్నవాళ్ళతో సమానంగా మొదలుపెట్టాడు. మొన్న ఒకరోజు వచ్చి కూర్చుని, కోపం లేకుండా ఒక మాట అన్నాడు: "చాచా, పరీక్షలు వ్రాయమని మీరు చెప్పింది తప్పు కాదు. ఎన్నాళ్ళు వ్రాయాలో చెప్పలేదు, అదే తప్పు."

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచి మేము ఎవరికి సలహా చెప్పినా గడువుతో సహా చెబుతున్నాము. మీరు కూడా అలాగే చేయండి. గవర్నమెంటు ఉద్యోగానికి ప్రయత్నించండి, చాలా మంచిది. అయితే క్యాలెండరు మీద ఒక తేదీ వ్రాసి పెట్టుకోండి. ఆ తేదీలోగా రాకపోతే ఏదో ఒక పనిలో చేరి, పని చేస్తూనే వ్రాస్తానని ఇంట్లో అందరి ముందు చెప్పండి. వయసుకు కూడా గడువు వున్నదని మరవకండి. బ్యాంకు క్లర్కు పరీక్షకు మామూలుగా 20 నుంచి 28 ఏళ్ళు, ఆఫీసరు పరీక్షకు 20 నుంచి 30 ఏళ్ళు. ఓ.బి.సి. వారికి మరో 3 ఏళ్ళ సడలింపు వుంటుంది. ఇరవై రెండేళ్ళ వాడికి యివి చాలా దూరంగా కనిపిస్తాయి గానీ ఏళ్ళు గడిచేది తెలియదు.

సర్టిఫికెట్ల దగ్గర పొరపాటు

ఇక్కడే రిజర్వేషన్ల సంగతి ఒకటి చెప్పాలి. ఎందుకంటే దరఖాస్తు తప్పుగా పెట్టి అవకాశం పోగొట్టుకున్న వారిని మేము చూశాము. 2007 లో ఆంధ్రప్రదేశ్ చట్టం ద్వారా సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం కల్పించారు. కేసు సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 2010 లో కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల మీద అది కొనసాగింది. దూదేకుల, నూర్‌బాషా వారు అంతకు ముందునుంచే బి.సి.-బి లో వున్నారు.

అయితే యిది రాష్ట్ర జాబితా. రైల్వే, బ్యాంకులు, స్టాఫ్ సెలెక్షన్ వంటి కేంద్ర ఉద్యోగాలకు కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరే వున్నది. రాష్ట్రంలో బి.సి. అయినంత మాత్రాన కేంద్రంలో ఓ.బి.సి. అయినట్టు కాదు. మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో వున్నదో లేదో చూసుకున్న తర్వాతే ఆ గడిలో టిక్కు పెట్టండి. అందులో లేనివారికి 2019 లో వచ్చిన ఇ.డబ్ల్యు.ఎస్. 10 శాతం కోటా వున్నది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు వుండాలి, భూమి, ఇల్లు వంటి వాటికి కూడా పరిమితులున్నాయి. ఆ సర్టిఫికెట్టు కోసం నోటిఫికేషను వచ్చాక పరుగెత్తితే అందదు. ముందే తెచ్చుకుని పెట్టుకోవాలి.

చిన్న పని అని తీసివేయవద్దు

మన పిల్లల్లో ఒక మొహమాటం వున్నది. నాయన కొట్టులో కూర్చున్నానని దరఖాస్తులో వ్రాయడానికి సిగ్గు. ఒక బి.కాం. అబ్బాయి మా దగ్గరకు తెచ్చిన కాగితంలో "అనుభవం: లేదు" అని వ్రాసి వుంది. మాటల్లో పెడితే తెలిసింది, మూడేళ్ళుగా నాయన హార్డ్‌వేరు కొట్టు లెక్కలన్నీ వాడే చూస్తున్నాడు. స్టాకు వ్రాస్తాడు, జి.ఎస్.టి. బిల్లులు వేస్తాడు, బాకీలు వసూలు చేస్తాడు. ఇంతకన్నా అనుభవం ఏం కావాలి? ఆ కాగితం చింపేసి కొత్తది వ్రాయించాము. ట్యాలీ నేర్చుకోమన్నాము, రెండు నెలల్లో నేర్చుకున్నాడు. ఇవ్వాళ ఒక ఆడిటరు దగ్గర పని చేస్తున్నాడు. నాయన పనిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీరు మొదట జీతం లేకుండా నేర్చుకున్న పని అదే.

డిగ్రీ అయిన వెంటనే ఉద్యోగం దొరకనివారు అప్రెంటిస్‌షిప్పు సంగతి కూడా ఆలోచించండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పట్టభద్రులకు ఒక ఏడాది శిక్షణ, నెలనెలా స్టయిపెండు, చివర సర్టిఫికెట్టు యిస్తారు. ఉద్యోగం గ్యారంటీ లేదు, నిజమే. అయితే ఒక ఏడాది ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో మెలగినవాడికి, ఇంట్లో కూర్చున్నవాడికి తేడా ఇంటర్వ్యూలో మొదటి అయిదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

అబ్దుల్ కలాం గారి సంగతి మీకందరికీ తెలిసిందే. రాష్ట్రపతి అయిన కలాం గారు అందరికీ తెలుసు, ఉద్యోగం రాని కలాం గారిని మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. మద్రాసు ఎం.ఐ.టి. లో చేరడానికి ఫీజు లేకపోతే అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి డబ్బిచ్చారు. చదువు పూర్తయ్యాక వైమానిక దళంలో పైలటు కావాలని డెహరాడూన్ వెళ్ళారు. 25 మందిలో 8 మందిని తీసుకున్నారు, ఆయన తొమ్మిదవ వాడు. ఆ తర్వాత 1958 లో రక్షణ శాఖలో 250 రూపాయల మూల వేతనం మీద చేరారు. తాను కోరుకున్నది అది కాదు. అయినా ఆ పని బాగా చేశారు, దానిలోంచే దారి దొరికింది. మీలో తొమ్మిదవ స్థానంలో ఆగిపోయినవారు ఎందరో వుంటారు. వారికి మేము చెప్పేది యిదే: ఎదురుగా వున్న పనిలో చేరండి, చేరిన పనిని మనసు పెట్టి చేయండి.

కాగితం చదివి సంతకం పెట్టండి

ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో చాలామంది నియామక పత్రం చదవకుండానే సంతకం పెడుతున్నారు. కొందరికి ఆ పత్రమే యివ్వరు, "రేపటినుంచి వచ్చేయ్" అంటారు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు.

అందులో జీతం గురించి వ్రాసింది జాగ్రత్తగా చూడండి. "ఏడాదికి 3 లక్షలు" అని వుంటే నెలకు 25,000 చేతికి వస్తుందని మురిసిపోయి, దాన్ని నమ్మి మోటారుసైకిలు వాయిదాల్లో తీసుకున్న అబ్బాయిని మేము ఎరుగుదుము. లెక్క యిలా వుంటుంది. ఆ 25,000 లో మూల వేతనం 12,500 అనుకుందాం. యజమాని కట్టే ప్రావిడెంట్ ఫండు 12 శాతం, అంటే 1,500, అందులోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ కింద సుమారు 600 కూడా అందులోనే కలుపుతారు. మిగిలింది 22,900. అందులోంచి మీ వాటా ప్రావిడెంట్ ఫండు మరో 1,500, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికి వచ్చేది 21,200. ఊరుగాని ఊళ్ళో గది అద్దె, మెస్సు, బస్సు ఖర్చులు యిందులోనే చూసుకోవాలి. ఇది మోసమేమీ కాదు, లెక్క చూపించే పద్ధతి అంతే. చేరకముందే "చేతికి ఎంత వస్తుంది?" అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోతుంది.

ప్రావిడెంట్ ఫండు కోసిన డబ్బు పోయిన డబ్బు అనుకోకండి. మీకు 12 అంకెల నంబరు ఒకటి యిస్తారు, దాన్ని యు.ఏ.ఎన్. అంటారు. ఎన్ని కంపెనీలు మారినా అదే నంబరు వుండాలి. ఉద్యోగం మారినప్పుడల్లా డబ్బు తీసేసి ఖర్చు పెట్టకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించండి. పదేళ్ళ సర్వీసు పూర్తయితేనే పింఛనుకు అర్హత వస్తుంది, మధ్యలో తీసేస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. నామినీ పేరు చేరిన నెలలోనే నమోదు చేయండి. సర్వీసులో వుండగా ఏదైనా జరగరానిది జరిగితే కుటుంబానికి 7 లక్షల వరకు బీమా కూడా దీనితో ముడిపడి వున్నది. జీతం 21,000 లోపు వున్నవారికి ఇ.ఎస్.ఐ. వర్తించే చోట ఆ కార్డు తీసుకోండి. మీ జీతంలోంచి పోయేది 0.75 శాతం మాత్రమే, తల్లిదండ్రులకు వైద్యం దొరకవచ్చు. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ళు కావాలి, గడువు ఒప్పందం మీద చేరినవారికి కొత్త స్మృతి కింద ఒక ఏడాది చాలు.

షేక్ ఎన్ని రకాలు?

ఇప్పుడు చెప్పేది వింటే మీకు నవ్వు వస్తుంది. ఆ అబ్బాయి ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒక అబ్బాయి టెన్తు సర్టిఫికెట్టులో పేరుకు ముందు "ఎస్.కె." అని వున్నది. ఆధార్‌లో షేక్ అని ఎస్, హెచ్, ఎ, ఐ, కె తో వ్రాశారు. పాన్ కార్డులో ఎస్, హెచ్, ఇ, ఐ, కె తో పడింది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర. పుట్టిన తేదీ కూడా ఒకదానిలో బడిలో పంతులు వేసింది, ఒకదానిలో అసలుది. ఆరేళ్ళు ఉద్యోగం చేశాడు. వాళ్ళ నాయనకు గుండె ఆపరేషను అవసరమైంది. ప్రావిడెంట్ ఫండు నుంచి అడ్వాన్సు తీసుకుందామంటే పేరు కలవలేదని దరఖాస్తు తిరిగి వచ్చింది. సరిచేయించే లోపల వారాలు గడిచాయి. వాడి సొంత డబ్బు వాడి ఖాతాలోనే వుండగా, వాడు బయట అప్పు కోసం పది గడపలు ఎక్కాడు. దేవుని దయవల్ల తండ్రి బతికి వున్నారు. ఆ అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

ఈ చిక్కు మన ఇళ్ళలో చాలా ఎక్కువ. తల్లి పేరు ఒకచోట "బీ", ఒకచోట "బేగం". సయ్యద్, పఠాన్, మహమ్మద్ పేర్లకు ఎవరికి తోచిన స్పెల్లింగు వారిది. అందుకని డిగ్రీ చేతికొచ్చిన యీ నెలలోనే ఒక పని చేయండి. టెన్తు సర్టిఫికెట్టు, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు, పాస్‌పోర్టు వుంటే అది కూడా మంచం మీద వరుసగా పరచి, అక్షరం అక్షరం పోల్చి చూడండి. టెన్తు సర్టిఫికెట్టును ఆధారంగా పెట్టుకుని మిగతావి దానికి సరిచేయించండి. ఉద్యోగంలో చేరకముందు యిది రెండు మూడు వారాల పని. చేరిన తర్వాత యిదే నెలల పని. ఇంట్లో చిన్నపిల్లలను బడిలో వేసేటప్పుడు తల్లిదండ్రులు కూడా యీ జాగ్రత్త తీసుకోండి.

డబ్బు కట్టి ఉద్యోగం కొనవద్దు

ఇది తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినవలసిన మాట. ఉద్యోగం యిప్పిస్తామని డబ్బు అడిగేవారు ప్రతి ఊళ్ళోనూ తయారయ్యారు. రిజిస్ట్రేషను అంటారు, ట్రైనింగు అంటారు, డిపాజిట్టు అంటారు. నిజమైన కంపెనీ పనిచేసినందుకు మీకు డబ్బు యిస్తుంది, చేరడానికి మీ దగ్గర తీసుకోదు. మన సంఘ సభ్యుల్లోనే ఒకరు ఆటో అమ్మి కొడుకు ఉద్యోగం కోసం డబ్బు కట్టారు. ఆ ఆఫీసుకు తాళం పడిన తర్వాత మా దగ్గరకు వచ్చారు. ముందు వచ్చి వుంటే బాగుండేది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఎవరి దగ్గరా వదలి రాకండి. చూపించండి, జిరాక్సు యివ్వండి, ఒరిజినల్ ఇంటికి తీసుకురండి. మధ్యలో మానేస్తే యింత కట్టాలని బాండు వ్రాయించుకుంటుంటే, ఆ మొత్తం ఎంత, ఎన్నాళ్ళు అన్నది ఇంట్లో చూపించిన తర్వాతే సంతకం పెట్టండి.

విదేశాల పేరు చెబితే మరింత జాగ్రత్త. కంప్యూటరు పని అని చెప్పి కంబోడియా తీసుకుపోయి, అక్కడ సైబరు మోసాలు చేయించిన ముఠాల సంగతి 2024 లో బయటపడింది. మోసపోయినవారిలో విశాఖపట్నం వైపు యువకులు కూడా వున్నారు. వారిలో చదువుకున్నవారు కూడా వున్నారు.

గల్ఫు మనకు కొత్త కాదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ వెళ్ళినవారు లేని వీధి వుండదు. అటు నిజామాబాదు, కరీంనగరు, హైదరాబాదు నుంచి కూడా అంతే. ఆ డబ్బుతోనే మీలో చాలామంది చదువుకున్నారు. కాబట్టి గల్ఫు వద్దని మేము చెప్పము. ఎలా వెళ్ళాలో చెబుతాము. 1983 నాటి ఎమిగ్రేషను చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్ళండి. ఆ పేరు ప్రభుత్వ ఇ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీకి 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. అని పరిమితి వున్నది. లక్షలు అడిగేవాడు చట్టం దాటినవాడే. విజిట్ వీసా మీద పోయి పని చేసుకోవచ్చన్న మాట నమ్మకండి, అక్కడ అది నేరం. ఇంకొక సంగతి: పదవ తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు మామూలుగా ఎమిగ్రేషను క్లియరెన్సు అవసరం వుండదు. అది సౌకర్యమే గానీ, మీ కాంట్రాక్టును మన ప్రభుత్వం వైపునుంచి పరిశీలించేవారు వుండరు. మీరే చదువుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. 2022 నవంబరులో యు.ఎ.ఇ. వారు ఒంటి పేరు పాస్‌పోర్టుల మీద విజిట్ వీసాలు ఆపినప్పుడు మనవాళ్ళు ఎంతమంది యిబ్బంది పడ్డారో గుర్తుంది.

చేరిన తర్వాత ఆరు నెలలు

ఉద్యోగంలో చేరిన మొదటి నలభై రోజుల్లోనే మానేసి వచ్చినవారు మాకు తెలుసు. "అక్కడ నాకేమీ అర్థం కావడం లేదు" అంటారు. ఎవరికీ అర్థం కాదు. తెలియనిది అడగండి, అడిగింది చిన్న పుస్తకంలో వ్రాసుకోండి, ఒకే సంగతి రెండోసారి అడగకుండా చూసుకోండి. వేళకు పది నిమిషాలు ముందు వెళ్ళండి. ఇంగ్లీషు తప్పులు వస్తాయని నోరు మూసుకుని కూర్చోకండి. మాట్లాడితేనే తప్పు దిద్దేవారు దొరుకుతారు. చేసిన తప్పు దాచకండి. తప్పు చేసిన కుర్రవాడిని ఆఫీసరు క్షమిస్తాడు, దాచినవాడిని మాత్రం నమ్మడు.

జుమా నమాజు గురించి పిల్లలు అడుగుతూ వుంటారు. చెప్పకుండా లేచి వెళ్ళకండి. మొదటి వారంలోనే పై అధికారితో, "శుక్రవారం మధ్యాహ్నం యింత సేపు అనుమతి కావాలి, ఆ సమయం సాయంత్రం వుండి పూర్తి చేస్తాను" అని నేరుగా చెప్పండి. చెప్పిన ప్రకారం చేయండి. అలా చేసినవారిలో చాలామందికి యిబ్బంది రాలేదు. మానాలనుకుంటే ఇంకొక ఉద్యోగం కాగితం చేతిలో పడ్డాకే మానండి. నోటీసు కాలం పూర్తి చేసి, రిలీవింగ్ ఉత్తర్వు తీసుకుని, నమస్కారం చెప్పి రండి.

మన ఆడపిల్లలు

ఈ రోజు సన్మానం పొందినవారిలో సగం మందికి పైగా ఆడపిల్లలు. మార్కుల్లో ముందున్నదీ వాళ్ళే. ఉద్యోగాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ సంఖ్య ఏమవుతున్నదో మనకందరికీ తెలుసు. నిరుడు ఒక అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఇరవై రోజుల్లో చేరమని వ్రాశారు. ఇంట్లో నాయన సరేనన్నారు, పెద్దనాన్న వద్దన్నారు, మామూను అడగాలన్నారు. అందరినీ అడిగి పంపుదామని నిర్ణయించేసరికి తేదీ దాటిపోయింది. ఎవరూ వద్దని చెప్పలేదు, అయినా ఉద్యోగం పోయింది. ఆ అమ్మాయి యిప్పుడు మా ఆఫీసుకు రావడం మానేసింది.

తల్లిదండ్రులకు భయం వుండడం సహజం. భయం వుంటే వెళ్ళి చూసి రండి. హాస్టలు చూడండి, ఆఫీసు చూడండి, బస్సు దారి చూడండి. ఇంకొక అమ్మాయి తల్లి అలాగే పది రోజులు కూతురి హాస్టలులోనే వుండి, తృప్తిపడి తిరిగి వచ్చారు. ఆ కూతురే యిప్పుడు తమ్ముడి ఇంజనీరింగు ఫీజు కడుతున్నది. చట్టం కూడా అండగా వున్నది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా స్త్రీల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వుండాలి. రాత్రి షిఫ్టు వేయాలంటే ఆమె సమ్మతి, భద్రత, రవాణా ఏర్పాటు వుండాలి. అమ్మాయిలూ, చేరిన మొదటి రోజునే ఆ కమిటీలో ఎవరున్నారో తెలుసుకోండి.

మొదటి జీతం

మొదటి జీతం అమ్మ చేతిలో పెట్టండి. ఆ ఆనందం మళ్ళీ రాదు. రెండో నెలనుంచి మాత్రం లెక్క కావాలి. ఇంటికి యింత, నా ఖర్చుకు యింత, దాచేది యింత అని నాయన పక్కన కూర్చుని కాగితం మీద వ్రాసుకోండి. ఫోనులో అయిదు నిమిషాల్లో అప్పు యిచ్చే యాప్‌ల జోలికి పోకండి. తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఆ నెలలోనే అప్పుల పట్టిక అంతా వాడి ముందు పెట్టకండి. వాడు ఒక ఏడాది నిలదొక్కుకుంటే పదేళ్ళు మోస్తాడు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో కనబడిన పిల్లవాడినల్లా "జీతమెంత?" అని అడగడం మనమందరం మానుకోవాలి. ఆ ప్రశ్నకు భయపడి ఈద్‌కు కూడా ఇంటికి రాని అబ్బాయిలు వున్నారు.

ఆఖరు మాట. ఇక్కడ కూర్చున్న పట్టభద్రులారా, మీకు సంఘం యిచ్చిన స్కాలర్‌షిప్పు తిరిగి కట్టమని ఎవరూ అడగరు. అయితే ఉద్యోగంలో కుదురుకున్న తర్వాత, ఏడాదిలో ఒక్క ఆదివారం మా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. మీ తర్వాత వచ్చే పిల్లవాడి కాగితాలు చూడండి. మీకు తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. మేము మాత్రం ఎన్నాళ్ళుంటాము? పేరు దగ్గర నుంచి గడువు దాకా మేము తప్పులు చేసి నేర్చుకున్నవి మీరు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోనక్కరలేదు.

ప్రతి ఆదివారం పది గంటలకు సంఘం ఆఫీసు తలుపు తీసి వుంటుంది. వచ్చేటప్పుడు కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి.